ముక్కు జకరయ్య తెల్లగుడ్డ

ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు మీద, విగ్రహాలు చెక్కే శిల్పుల కొట్టాలు దాటిన వెంటనే జకరయ్య కార్ల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది, గాలికి ఊడిపడిన తర్వాత మళ్లీ ఎక్కించలేదు. ముక్కు జకరయ్య షెడ్డు ఎక్కడని అడిగితే బస్టాండులో అరటిపండ్లు అమ్మే ఆమె కూడా చెయ్యి ఎత్తి చూపిస్తుంది కాబట్టి బోర్డుతో పని పడలేదు.

ఆ పేరు ఆయన ముక్కు తీరును బట్టి వచ్చింది కాదు. కారు వచ్చి ఆగగానే జకరయ్య బానెట్ ఎత్తడు. మేకుకు వేలాడే తెల్లటి నూలుగుడ్డ అందుకొని, ఇంజిన్ నడుస్తుండగానే వెనక్కి వెళ్లి, సైలెన్సర్ గొట్టం ముందు నిమిషం సేపు పట్టుకుంటాడు. ఆ తర్వాత గుడ్డను ముఖం దగ్గరికి తెచ్చుకొని కళ్లు మూసుకుంటాడు. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువగా మండితే ఒక వాసన. ఇంజిన్ ఆయిలు కాలితే మరొకటి. రేడియేటర్ నీళ్లు లోపలికి కారుతుంటే తియ్యగా, ముక్కు కొసన అంటుకునే వాసన. ముప్పై ఏళ్లు ఆ గుడ్డ చెప్పిన దాన్ని బట్టే స్పానర్ పట్టాడు. పని నేర్చుకుని వెళ్లినవాళ్లకు కూడా ముందు గుడ్డ పట్టడమే నేర్పాడు.

2021 మే నెలలో, కరోనా రెండోసారి ఊరి మీద పడినప్పుడు, జకరయ్యకు పదకొండు రోజులు జ్వరం కాసింది. జ్వరం జారిన రోజు భార్య లూదియా చారు గిన్నె ముందు పెట్టి మూత తీసింది.

"ఏం మే, ఇంగువ వెయ్యలేదా?" అని అడిగాడు జకరయ్య.

ఆమె వేసింది. కావాలని రెండు చిటికెలు ఎక్కువే వేసింది.

వారం చూశారు, నెల చూశారు. కర్నూలు డాక్టరు వాసన కొందరికి తిరిగి వస్తుందని, కొందరికి రాదని చెప్పి, నిమ్మతొక్క, లవంగం, నీలగిరి తైలం పూటపూటా వాసన చూడమన్నాడు. జకరయ్య ఏడాది పాటు ఒక్క పూట తప్పకుండా చూశాడు. నిమ్మతొక్క చేతికి తడిగా తగిలేది. అంతకు మించి ఏమీ లేదు.

"ఈ మాట గడప దాటకూడదు," అన్నాడు లూదియాతో. "ముక్కు పాయనని తెలిస్తే షెడ్డు పాయ. ఇంగ నా దగ్గరికి ఎవురొస్తారు? యాభై మూడేండ్లకు నేను కొత్తగా ఏం నేర్చుకోవల్ల?"

అందువల్ల లూదియా ఆ సంగతి సంఘంలో కూడా చెప్పలేకపోయింది. ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాల చీటీలు పాస్టరుగారు పైకి చదువుతారు. ఎవరి మోకాలి నొప్పి, ఎవరి కొడుకు పరీక్ష, అన్నీ అందరి ముందుకూ వస్తాయి. ఆమె నాలుగేళ్లుగా చీటీ మీద "మా కుటుంబ అవసరత నిమిత్తము" అని మాత్రమే రాస్తోంది. పక్క బెంచీ ఆడవాళ్లు అది అప్పుల బాధ అనుకున్నారు. ఆమె అనుకోనిచ్చింది.

షెడ్డు నడవడానికి ఇద్దరూ కలిసి ఒక దారి వేసుకున్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు లూదియా అన్నం క్యారియర్ తెస్తుంది. పొద్దున వచ్చిన కార్ల దగ్గర జకరయ్య గుడ్డ పట్టి, ముఖానికి ఆనించుకొని, "అన్నం తిన్నాక చెప్తా," అంటాడు. లూదియా చెయ్యి తుడుచుకుంటున్నట్టుగా గుడ్డ అందుకుంటుంది. పెట్రోలు వాసన ఉంటే నీళ్ల చెంబు ఆయన కుడివైపు పెడుతుంది, లేకపోతే ఎడమవైపు. ఆయిలు కాలిన వాసనైతే చెంబు మీద మూత ఉంటుంది. చెంబు చూసుకొని ఆయన అన్నం కలుపుతాడు. కడుపు నిండితే గాని జకరయ్య ముక్కు పని చెయ్యదని ఊళ్లో ఒక మాట పుట్టింది. డ్రైవర్లు దాన్ని ఒక విద్యలోని నియమంలాగా చెప్పుకునేవాళ్లు.

లూదియా లేని రోజులకు తోడుగా పాత స్కానర్ ఒకటి తెచ్చుకున్నాడు. తీగ కారుకు తగిలిస్తే, కారులోని చిన్న కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న తప్పులను అది తెర మీద చూపిస్తుంది. దాన్ని చూసి జనం నవ్వారు. "నీ ముక్కు ఉండగా ఆ డబ్బా ఎందుకప్పా?" అన్నారు. జకరయ్య కూడా వాళ్లతో పాటు నవ్వాడు.

సరిగ్గా లూదియా ఊళ్లో లేని ఒక వారంలోనే చెన్నకేశవులు కారు వచ్చింది.

చెన్నకేశవులు రైతు. పాతికేళ్లుగా ఆయన ఏ బండి కొన్నా ముందు జకరయ్యకు చూపించి కొన్నాడు. ఇప్పుడున్నది పద్దెనిమిదేళ్ల పెట్రోలు కారు. సోమవారం పొద్దున దాన్ని షెడ్డు ముందు ఆపి, నస్యం డబ్బీ తీసి రెండు వేళ్లతో పట్టించి, తుమ్మి, అప్పుడు దిగాడు.

"ఇంజిన్ లైటు ఎలుగుతాంది జకరయ్యా. బండి గుంజడంల్యా. యాడ ఆపితే ఆడ మళ్లా స్టార్ట్ కానంటాంది. బేస్తవారం గోవిందమ్మకు నంద్యాలలో కంటి ఆపరేషన్. రెండు నెలలు తిరిగితే గాని ఆ తేదీ దొరకలే. ఈలోపల చెయ్యల్ల."

"వాసన ఏమన్నా కొడతాందా అన్నా?" జకరయ్య మామూలుగా అడిగినట్టే అడిగాడు.

చెన్నకేశవులు నవ్వాడు. "నస్యం తప్ప నాకింకే వాసనా తెలీదని నీకు తెల్దా? ముక్కు నీది గదప్పా. నువ్వే చూసి చెప్పు."

జకరయ్య గుడ్డ పట్టాడు. గుడ్డ మీద నల్లటి మసి గుండ్రంగా దిగింది. ముఖానికి ఆనించుకున్నాడు. వేడిగా ఉంది. కళ్లు మూసుకొని, పాత అలవాటు ప్రకారం ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగాడు.

"సాయంత్రానికి ఫోన్ చేస్తాలే," అన్నాడు.

చెన్నకేశవులు వెళ్లాక స్కానర్ తగిలించాడు. మిక్చర్ రిచ్ అని చూపించింది, అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. సైలెన్సర్ గొట్టంలో పొగకు ఎదురుగా ఒక ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. మండిన తర్వాత పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో పసిగట్టి కంప్యూటర్‌కు చెప్పడం దాని పని. ఇంజిన్ బాగుంటే దాని అంకె సున్నా పాయింట్ ఒకటికీ సున్నా పాయింట్ తొమ్మిదికీ మధ్య ఎగిరిపడుతూ ఉంటుంది. ఈ కారులో అది తొమ్మిది దగ్గర అంటుకుపోయి కదలడం లేదు. ప్లగ్గులు విప్పాడు. నాలుగూ నల్లగా ఉన్నాయి. ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగితే, ఆయిలు గీత కంటే వేలెడు పైన ఉంది. ఎవరో ఎక్కువ పోసి ఉంటారనుకున్నాడు.

సెన్సార్ నిజం చెబుతోందా, అసలు సెన్సారే చచ్చిపోయి ఒకే మాట పట్టుకుందా అన్నది తేలాలి. తేల్చుకోలేక నంద్యాలకు ఫోన్ చేశాడు. అక్కడ నూనెపల్లెలో సొంత వర్క్‌షాప్ పెట్టుకున్న మనోజ్ ఆయన దగ్గర ఆరేళ్లు పని చేసి వెళ్లినవాడే.

"పెట్రోలు వత్తిడి చూసే రెగ్యులేటర్ మీద సన్న గొట్టం ఉంటాది సూడన్నా," అన్నాడు మనోజ్. "అది ఊడదీసి వాసన సూడు. లోపల పొర చినిగింటే పెట్రోలు ఆ గొట్టంలో నుంచి ఇంజిన్‌లోకి పోతాంటాది. వాసన ఉంటే రెగ్యులేటర్ పోయినట్టు. లేకుంటే సెన్సారే. నీకు నేను చెప్పేదేందిలే, గుడ్డ పట్టింటే నీకెప్పుడో తెలిసింటాది."

జకరయ్య ఫోన్ చెవికి ఆనించుకునే చిటికెన వేలంత లావున్న ఆ గొట్టం లాగాడు. ఇంజిన్ ఆపి గంట దాటింది. వైశాఖం ఎండకు రేకుల కింద అంతా ఆరిపోయి ఉంది. గొట్టంలో పుల్ల పెట్టి చూస్తే పొడిగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. రబ్బరు అంచు పై పెదవికి తగిలింది.

"ఏమన్నా?" అవతల మనోజ్. "ఉందా వాసన?"

పక్క కొట్టంలో ఉలి మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి. జకరయ్య మరోసారి పీల్చి చూశాడు.

"లేదప్పా," అన్నాడు.

"అయితే సెన్సార్ పోయింటాది. పన్నెండున్నర బస్సుకు కొత్తది ఏసి పంపిస్తా."

ఆ మధ్యాహ్నం లూదియాకు ఫోన్ చేశాడు. ఆమె చెల్లెలు స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే జూపాడు బంగ్లాకు వెళ్లింది. శనివారం గాని రాదు.

"నేనొచ్చేదాకా ఆ బండి ముట్టుకోవద్దు," అంది లూదియా.

"బేస్తవారం ఆపరేషన్ అంట. ఏం చెప్పి ఆపేది?"

"జ్వరమని చెప్పు."

"జ్వరమొచ్చినోడు బండెట్ల తీసుకున్యాడంటారు." తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "సెన్సారే మే. అది చచ్చిపోయింటాది. ఎండలో, పొగలో పద్దెనిమిదేండ్లు. ఎంతకాలమని పసిగడతాది?"

ఆయన మాట్లాడుతున్నది కారు గురించేనా అని లూదియాకు అనుమానం వచ్చినట్టుంది.

మంగళవారం కొత్త సెన్సార్ బిగించాడు. ప్లగ్గులు రుద్ది, స్కానర్‌తో పాత తప్పును చెరిపేశాడు. లైటు ఆరింది. ఊరి చుట్టూ రెండుసార్లు తిప్పితే బండి తేలిగ్గా పోయింది. ప్లగ్గులు శుభ్రం చేసిన ఏ బండైనా రెండు రోజులు అలాగే పోతుందని ఆయనకు తెలుసు. తెలిసినా, ఆరిన లైటును చూసి నమ్మాలనిపించింది. సాయంత్రం చెన్నకేశవులు వచ్చాడు.

"వాసనా గీసనా ఏమన్నా ఉందా జకరయ్యా?"

"ఏం లేదన్నా. సెన్సార్ పోయింది. కొత్తది ఏసినా."

ఊడదీసిన పాత సెన్సార్‌ను పారేయలేదు. గుడ్డలో చుట్టి బల్ల సొరుగులో పెట్టాడు.

గురువారం ఉదయం ఎనిమిది దాటాక ఫోన్ మోగింది. శిరివెళ్ల దాటిన తర్వాత బండి నల్లగా పొగ కక్కి ఆగిపోయిందని, ఎంత తిప్పినా స్టార్ట్ కావడం లేదని చెన్నకేశవులు చెప్పాడు. తిట్టలేదు. ఏం చేయమంటావని అడిగాడు. దారిన పోయే ఆటో ఎక్కి ఆసుపత్రికి పొమ్మని, బండి సంగతి మనోజ్ చూసుకుంటాడని జకరయ్య చెప్పాడు. తర్వాత మనోజ్‌కు ఫోన్ చేస్తే, బండిని లాగించుకొస్తానని, పాత సెన్సార్ ఉంటే వస్తూ పట్టుకురమ్మని అన్నాడు.

జకరయ్య బస్సులో నిలబడే నంద్యాల చేరేసరికి పదకొండున్నర. నూనెపల్లెలో వర్క్‌షాప్ ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో చెన్నకేశవులు, గోవిందమ్మ కూర్చొని ఉన్నారు. గోవిందమ్మ కంట్లో మందు వేయించుకోకుండానే తిరిగివచ్చింది. వాళ్లు వెళ్లేసరికి ఆమె పేరు దాటిపోయింది. మూడు వారాల తర్వాత రమ్మన్నారు. "మూడు వారాలేగా," అంటూ ఆమే ఆయనను ఓదార్చింది.

మనోజ్ బానెట్ కింద నుంచి లేచి నవ్వుతూ వచ్చాడు. "రాన్నా. నీకోసమే చూస్తాండా." అతని చేతిలో ఆ సన్న గొట్టం ఉంది. "ఒకసారి చూసి చెప్పన్నా. నువ్వు చెప్తే ఇంగ నాకు అనుమానం ఉండదు."

జకరయ్య అప్పుడే బస్సు దిగి వచ్చాడు. బండి శిరివెళ్ల దగ్గర ఆగినప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉందనుకున్నాడు. ఆ గొట్టం మనోజ్ ఎందుకు చూపిస్తున్నాడో ఆయనకు చప్పున అర్థమైంది. రోగం దొరికింది. సోమవారం తాను లేదన్న చోటే దొరికింది. ఈసారి తప్పకూడదు. గొట్టం అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగాడు.

"కొడతాంది," అన్నాడు గట్టిగా. "బాగా కొడతాంది. పెట్రోలే. ఇదీ అసలు రోగం."

మనోజ్ ముఖంలోని నవ్వు మెల్లగా తగ్గింది.

"అన్నా," అన్నాడు. "రెగ్యులేటర్ మార్చి గంటయ్యింది. ఆయిలు గూడా మార్చినా, దాంట్లో సగం పెట్రోలే ఉండె. గొట్టం సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, బండి పది నిమిషాలు నడిపి ఇప్పుడే తీసినా. ఇంగా ఏమన్నా వస్తాందేమో చూడమని ఇచ్చినా."

గోవిందమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి జకరయ్య చేతిలోని గొట్టం తీసుకొంది. "యాడ కొడతాంది? సబ్బు వాసన తప్ప ఏం లేదే?"

"నా చేతులకున్న పెట్రోలు తగిలింటాదిలేమ్మా," అన్నాడు మనోజ్ తొందరగా.

ఆమె ఆ మాట వినిపించుకోలేదు. జకరయ్య వైపే చూస్తోంది. "పోయిన ఆదివారం నుంచి కారులో కూర్చుంటే చాలు, తల తిరిగే వాసన జకరయ్యా. పెట్రోలు బంకులో కూచున్నట్టు. ఈయనతో చెప్తే, నువ్వు ముక్కు పెట్టి చూసినావంట, ఏం లేదన్యావంట. అంత గొప్ప ముక్కు లేదన్యాక నేనెవుర్ని? కండ్లు పోతాండాయి గదా, ముక్కు గూడా చెడిపోయిందేమో అనుకుంటి. నోరు మూసుకొని కూచుంటి."

చెన్నకేశవులు నస్యం డబ్బీ తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"నీకు తెలీలేదా జకరయ్యా?" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. అర్థం కాక అడిగాడు.

"తెలీలేదన్నా," అన్నాడు జకరయ్య. "నాలుగేండ్లాయ. నాకేం తెలీదు. ఇంగువ తెలీదు, మల్లెపూలు తెలీవు. ఏమీ తెలీదు."

మనోజ్ పక్కకు తిరిగి చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి, "సెన్సార్ తెచ్చినావా అన్నా?" అని అడిగాడు. జకరయ్య జేబులోంచి గుడ్డ మూట తీసి ఇచ్చాడు. మనోజ్ కొత్త సెన్సార్ విప్పి పాతదాన్ని దాని చోటులో బిగించి, ఇంజిన్ తిప్పి, స్కానర్ తెర ఆయన వైపు పెట్టాడు. కాస్త వేడెక్కాక అంకె కదలడం మొదలైంది. ఒకటి, ఎనిమిది, రెండు, తొమ్మిది. యాక్సిలేటర్ నొక్కి ఒక్కసారిగా వదిలితే, పెట్రోలు ఆగిన ఆ క్షణంలో అంకె అడుక్కు పడి, మళ్లీ లేచింది.

"బతికే ఉందన్నా ఇది," అన్నాడు మనోజ్ నెమ్మదిగా. "ఏం చెప్పల్లనో అదే చెప్పింది."

జకరయ్య ఆ అంకెలను చూస్తూ నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ల పాత సెన్సార్. చచ్చిపోయిందని ఆయనే విప్పి, చుట్టి, సొరుగులో పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు చెన్నకేశవులు బస్సుకు పోనివ్వలేదు. బండి ఎక్కమన్నాడు. శిరివెళ్ల దాటాక గోవిందమ్మ ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "ఇప్పుడేం వాసన లేదు జకరయ్యా," అంది. ఆయనకు తెలియదు కాబట్టి చెప్పింది. ఆయన తల ఊపాడు.

షెడ్డు ముందు దింపుతూ చెన్నకేశవులు, "నేనెవురికీ చెప్పన్లే," అన్నాడు.

ఆయన చెప్పలేదనే అనుకోవాలి. గోవిందమ్మ చెప్పిందో, శిరివెళ్ల దగ్గర బండి లాగినవాడు చెప్పాడో తెలియదు. శుక్రవారం షెడ్డుకు రెండు కార్లు వచ్చాయి. మొదటి కారు డ్రైవరు, జకరయ్య మేకు వైపు నడుస్తుంటే, "అదేం వద్దులే పెద్దాయనా, మిషన్ పెట్టి చూడు సాలు," అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఇన్నేళ్లలో అతను పెద్దాయనా అని పిలవడం అదే మొదటిసారి.

శనివారం పన్నెండున్నరకు లూదియా జూపాడు బంగ్లా బస్సు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా, హోటల్లో కట్టించిన అన్నం పట్టుకొని షెడ్డుకు వచ్చింది. జకరయ్య రెండు మాటల్లో జరిగింది చెప్పాడు. ఆమె అలవాటు కొద్దీ నీళ్ల చెంబు చేతిలోకి తీసుకుంది. ఏ వైపు పెట్టాలో తోచక అలాగే పట్టుకొని నిలబడింది.

అప్పుడే అహోబిలం యాత్రికులను తిప్పే టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. దాన్ని నడిపే జీవన్ కుమార్ పదేళ్ల నుంచి తెలిసినవాడు. జకరయ్య లేవబోతుండగానే అతను గబగబా మేకు మీద గుడ్డ అందుకుని, ఇంజిన్ ఆపకుండా వెనక్కి వెళ్లి, సైలెన్సర్ ముందు పట్టి, తనే ముక్కుకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకోలేదు.

"ఏం లేదులే అన్నా," అన్నాడు. "అంతా బాగుంది. ఊరికే నిన్ను పలకరించిపోదామని ఆగినా."

గుడ్డ తిరిగి ఇచ్చాడు. దాని మీద మసి మరక గుండ్రంగా ఉంది. మరీ నల్లగా లేదు, తెల్లగానూ లేదు. జకరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. టాక్సీలో ఏదో తేడా ఉండబట్టే అతను వచ్చాడా, వచ్చి, చూసి, చెప్పలేక వెళ్లిపోతున్నాడా, లేక నిజంగానే బండి బాగుందా అన్నది ఆయనకు పాలుపోలేదు. లూదియా వైపు చూశాడు. ఆమె చెయ్యి చాపింది. ఈలోగా టాక్సీ రోడ్డెక్కి అహోబిలం మలుపు తిరిగింది.

జకరయ్య గుడ్డను ఆమెకు ఇవ్వలేదు. మడిచి, మళ్లీ విప్పి, మేకుకు తగిలించాడు. చేతులు కడుక్కొని అన్నం ముందు కూర్చున్నాడు.